పెట్టెలో చోటు లేని దారులు

పోయినవారం భాగంలో బేబీ టెక్కలిలో బస్సు దిగి, భావనపాడు వెళ్ళే ఆటో ఎక్కింది. ఆదివారం ఆరాధన మానేసి బయల్దేరిన కూతుర్ని తండ్రి అబ్రహాం ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండుననిపించింది ఆమెకు. ఇల్లు దాటేటప్పుడు ఎక్కడికని ఎవరో ఒకరు అడగాలి.

ఎందుకు బయల్దేరిందో కొత్తగా చదివేవారి కోసం మరోసారి చెప్పుకుందాం. శ్రీకాకుళంలో తిరుమలరావు నడిపే చిన్న ఇంటర్నెట్ కంపెనీలో బేబీ ఇంజినీరు. ఆ కంపెనీ మొత్తం ఒక్క రూటరు మీద నడుస్తుంది. హైదరాబాదులో ఎవరో వాడి తీసేసిన పాత పెట్టె అది. లోకంలో ఏ అడ్రసుకు ఏ దారిన పోవాలో ఆ పెట్టె తన మెమరీలో ఉంచుకోవాలి. దాంట్లో ఐదు లక్షల పైచిలుకు దారులకే చోటు. ఆ ఏడాది, అంటే 2014 ఆగస్టులో, లోకంలోని దారులు ఆ హద్దు దాటాయి. పెట్టె నిండిపోయింది. ఊరంతా నెట్టు ఈడ్చుకుంటూ నడిచింది.

నిజానికి పెట్టెలో ఇంకా చోటుంది. ముందు ముందు రాబోయే కొత్తరకం అడ్రసుల కోసమని, తయారుచేసినవాళ్ళే కొంత భాగానికి అడ్డుగోడ పెట్టి ఉంచారు. ఆ రకం అడ్రసు శ్రీకాకుళంలో ఒక్కరికీ లేదు. గోడ జరిపితే సరిపోయేది. కానీ గోడ జరగాలంటే పెట్టెను ఒకసారి ఆపి మళ్ళీ లేపాలి. "ముసలి పెట్టి. ఆపితే మళ్ళీ లేస్తాదని నమ్మకమేటి?" అన్నాడు తిరుమలరావు. "ఆఫ్రికా దారులు తీసీ. మన జిల్లావోళ్ళకి ఆఫ్రికాలో ఏటి పని?" అని కూడా అన్నాడు. బేబీ తీసేసింది. తెలియని అడ్రసులన్నిటినీ, తమకు నెట్టు అమ్మే పై కంపెనీకి తోసేసే ఏర్పాటు ఒకటి ఉండేది. ఏదో గొడవలో ఆయన దాన్ని అంతకు ముందే మాన్పించాడు. కాబట్టి ఆ రోజు నుంచి శ్రీకాకుళం నెట్టుకు ఆఫ్రికా అనేది లేదు.

భావనపాడు రాముడు అల్జీరియా ఎడారిలో వెల్డరు. క్యాంపులో ఫోను సిగ్నలు ఉండదు. పనివాళ్ళు ఇళ్ళతో మాట్లాడుకోవడానికి కంపెనీవాళ్ళే ఒక వెబ్ పేజీ పెట్టారు. శుక్రవారం వాళ్ళకు సెలవు. ప్రతి శుక్రవారం రాముడి భార్య ధనలక్ష్మి ఊళ్ళోని ఇంటర్నెట్ సెంటరుకు వచ్చి, ఆ పేజీలో అతని ముఖం చూసుకునేది. ఆగస్టు నుంచి పేజీ తెరుచుకోలేదు. అక్టోబరులో హుదూద్ తుఫాను స్తంభాలు కూల్చాక, నెట్టులో ఏ లోటున్నా అందరూ తుఫాను మీదికి నెట్టేశారు. స్తంభాలు లేచాయి, నెట్టు వచ్చింది, రాముడు రాలేదు. మొగుడు వదిలేశాడని ఊరు అంది. ధనలక్ష్మి కూడా అదే అనుకుంది. ఈ ఆదివారం పెద్దలు కూర్చుని తెగతెంపులు చేస్తున్నారు.

సెంటరు నుంచి ఈ సంగతంతా ఫోనులో విన్నాక, ఆ పేజీ అడ్రసు తాను తీసేసిన దారుల్లోదని బేబీకి శుక్రవారం నాడే తెలిసింది.

*

ఆటో ఆగిన చోటే సెంటరు. దాన్ని నడిపే జగన్నాధం బయట నిలబడి ఉన్నాడు.

"బేగి నడండి మేడం. ఆకు తెచ్చీసినారు," అన్నాడు.

"చింపేశారా?"

"నేదింకా. ముసల్ది సెయ్యి సాపట్లేదు."

ఆ జాలరి వీధిలో తెగతెంపులకు కోర్టు అక్కర్లేదు, కాగితం అక్కర్లేదు. పెద్దలు ఒక తమలపాకును నిలువునా చింపి, సగం ఆడపిల్ల చేతిలో, సగం మొగుడి చేతిలో పెడతారు. మొగుడు ఊళ్ళో లేకపోతే అతని సగం తల్లి అందుకోవాలి. అందుకునే చెయ్యి లేకుండా ఆకు చింపకూడదు. రాముడి తల్లి కూర్మమ్మకు ఆ సంగతి బాగా తెలుసు. వలలు బాగుచేసుకునే పాకలో, నలుగురి మధ్య, రెండు చేతులూ చీర కుచ్చెళ్ళలోకి దూర్చుకుని పొద్దుటి నుంచీ కూర్చుని ఉంది.

బేబీ పాక దగ్గరకు వచ్చేసరికి ధనలక్ష్మి అన్న సోములు కూర్మమ్మ మీద కేకలు వేస్తున్నాడు.

"ఏటత్తా, ఎంతసేపు దాస్తావు? సెయ్యేటి బంగారమా?"

"బంగారమైతే నీ కంట పడనిత్తానేటి? ఇది నా సెయ్యి కాదురా, నా కొడుకు సెయ్యి. ఆడి బదులు సాపమంటన్నావు. ఆడినడక్కుండా ఎలగ సాపుతాను?"

"అడగడానికి ఆడు పలకాల కదా! ఆడిని పంపిన బొంబాయి ఏజెంటుకి ఎన్నిసార్లు ఫోను సెయ్యనేదు నాను? డ్యూటీకి వస్తన్నాడంట. తింటన్నాడంట. సుబ్బరంగా ఉన్నాడంట. నా సెల్లితోటే మాటల్లేవు ఆడికి."

ధనలక్ష్మి పాక గుంజకు ఆనుకుని విడిగా కూర్చుంది. ముప్పై దాటని మనిషి. ఏడ్చిన గుర్తులేమీ లేవు. ఏడుపు అయిపోయి చాలా కాలమైన ముఖం అది.

"సాపీయత్తా," అంది ఆమె. "ఎవులి కోసం అట్టేపెడతావు? ఆడు పోనాడనుకుంటే కొన్నాళ్ళకి మరిసిపోదును. ఉన్నాడు, తింటన్నాడు, నాతో మాటాడడు. అది మరవడం నా వల్ల కాదు. తెంపీయండి."

బేబీ చెప్పులు విడిచి పాకలోకి వెళ్ళింది.

"ఆగండి," అంది. "అతను మాట్లాడకపోవడం కాదు. లైను లేదు. లైను తీసేసింది మేమే."

అందరూ తిరిగి చూశారు. జగన్నాధం ముందుకు వచ్చి, ఈ మేడం శ్రీకాకుళం నెట్టు కంపెనీ నుంచి వచ్చారని చెప్పాడు. వీధి పెద్ద, తెల్లటి మీసాల మనిషి, చేతిలోని ఆకును తుండుగుడ్డ మీద పెట్టి, "కూకో అమ్మా. నిదానంగా సెప్పు," అన్నాడు.

బేబీ చెప్పింది. శ్రీకాకుళంలో పెట్టె ఒకటుందని, లోకంలోని దారులన్నీ దానికి గుర్తుండాలని, చోటు చాలక కొన్ని దారులు తీసేశారని, ఆ తీసేసిన వాటిలో అల్జీరియా కూడా ఉందని. చెప్తున్నంతసేపూ తన గొంతు తనకే ఎవరిదోలా వినపడింది. ఆఫీసులో కూర్చుని చూస్తే అవి అంకెలు. ఇక్కడ ఇసుక మీద, ఇందరి ముఖాల ముందు అంకెలని ఎలా చెప్పడం?

సోములు పకపకా నవ్వాడు.

"దేశాన్ని తీసీసినారా? అదేటండీ, అటక మీద బిందా? బాగుంది కత. రేపు మా భావనపాడుని కూడా తీసీస్తారేటి?"

పాకలో కొందరు నవ్వారు. నవ్వు తగ్గాక సోములు కూర్మమ్మ వైపు తిరిగాడు. "ఎక్కడ పట్టినావత్తా ఈ మేడాన్ని? బాగా నేర్పించి తెచ్చినావు."

కూర్మమ్మ నవ్వలేదు. ఆమె చూపు బేబీ మీదే ఉంది.

"ఒలమ్మీ," అంది మెల్లగా. "నా కొడుకున్న దేశాన్ని మీ పెట్టిలోంచి తీసీసినావా?"

"అవునమ్మా."

"ఎవుల్నడిగి తీసినావు?"

"ఎవర్నీ అడగలేదు."

"అక్కడ మడుసులున్నారో నేదో సూసినావా?"

"చూడలేదు. మనవాళ్ళు ఉండరనుకున్నాం."

"ఉండరనుకున్నారు!" ముసలామె గొంతు పైకి లేచింది. "ఈ వీదిలో ఏ గుమ్మమెక్కి అడిగినా సెప్పుదురు కదే! సేపలు పడక, వలలొగ్గీసి, వెల్డింగులు నేర్సుకుని, పేరు నోరు తిరగని దేశాలకి పోనారు మా పిల్లలు. మీ శ్రీకాకుళంలో మేడ మీద కూకుని ఉండరనుకున్నారా? ఆ సోటు ఎవులికిచ్చినావు మరి? నా కొడుకుని తోసీసి ఎవుల్ని కూకోబెట్టినావు?"

ఈ ప్రశ్నకు బేబీ దగ్గర జవాబు ఉంది. ఇంకా పుట్టని అడ్రసుల కోసం అరలు ఖాళీగా ఉంచి, ఉన్నవాళ్ళను బయటికి నెట్టామని చెప్పాలి. ఆ మాట ఆమె నోరు దాటలేదు.

అప్పటిదాకా గుంజను వదలని ధనలక్ష్మి లేచి వచ్చి బేబీ ఎదురుగా కూర్చుంది. గొంతు పెంచలేదు.

"శుక్కురవారం శుక్కురవారం తలంటుకుని ఎల్లేదాన్ని. ఆడికి నీలం సీరంటే ఇష్టమని అదే కట్టేదాన్ని. పేజీ ముందు కూకుంటే తెల్లగా ఉండీది. గుండ్రంగా ఏదో తిరిగీది, అంతే. జగన్నాదం బావు పోమ్మా, తుఫానన్నాడు. తుఫానెల్లిపోనాది. మళ్ళీ కూకున్నాను. పక్క కుర్సీల్లో గుంటలు సినిమాలు సూసీవోరు. సినిమాలకి నెట్టుంది, నా మొగుడికి నేదు. అప్పుడు తెలిసిపోనాది నాకు, ఇది లైను కాదు, మడిసి అని. ఇప్పుడొచ్చి కాదంటన్నావు."

"అతను కాదు. నేనే."

"ఓదార్పు మాటలు నాకక్కర్నేదు. నీ మెడలో సిలవుంది, మీ కిరస్తానపోళ్ళు బాగానే ఓదారుస్తారు, తెలుసు. సూపించు."

"చూపిస్తాను. సెంటరుకి రండి."

సోములు ఒక్క ఉదుటున లేచాడు. "ఇయ్యన్నీ ఎందుకు? పొద్దు పోతన్నాది. పెద్దలు పన్లు మానుకుని వచ్చినారు. ఆకు తెంపీసి, తరవాత సూసుకోండి మీ గారడీలు."

వీధి పెద్ద అతని వంక చూశాడు. "నీకెందుకురా అంత తొందర? మూడు నెల్లాగినోళ్ళం, ఇంకో గడియ ఆగలేమా?" అని తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. "మేడమ్మా, ఆ పేజీ తెరుసుకుంటే తెగతెంపుల్నేవు. తెరుసుకోకపోతే కూర్మమ్మ సెయ్యి సాపాల. ఏం కూర్మమ్మా?"

కూర్మమ్మ తలూపింది. "సాపుతాను," అంది.

*

సెంటరు గది చిన్నది. వచ్చినవాళ్ళలో సగం మంది గుమ్మం బయటే నిలబడ్డారు. బేబీ కంప్యూటరు ముందు కూర్చుని, శ్రీకాకుళంలోని పెట్టెలోకి లాగిన్ అయింది. రాముడి క్యాంపు దారి ఒక్కటి తిరిగి పెడితే చాలునని ఆమె వస్తూ వస్తూ అనుకుంది. తెర మీద లెక్క చూశాక ఆ ఆశ పోయింది. ఆఫ్రికాను తీసేసి మిగిల్చిన చోటు కూడా ఈ మూడు నెలల్లో నిండిపోయింది. లోకం ఎక్కడో అక్కడ పెరుగుతూనే ఉంది. ఒక దారికి చోటు కావాలంటే ఇంకో దారి తియ్యాలి. లేదా పెట్టెను ఆపాలి.

తిరుమలరావుకు ఫోను చేసింది. ఆయన భోజనం చేస్తున్నట్టున్నాడు. అంతా విన్నాడు. చెడ్డమనిషి కాదు.

"అయ్యో," అన్నాడు. "సరే, ఆ క్యాంపు దారొక్కటీ పెట్టీ. ఇంకేదో తీసీ దాని బదులు."

"ఏది తియ్యమంటారు సార్?"

"ఏదోటి. పేరు నోరు తిరగని దేశాలు బోల్డున్నాయి కదా."

"నోరు తిరగని దేశాల్లోనే సార్ మనవాళ్ళున్నది. ఇక్కడ గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళని అడిగితే, ఒక్కొక్కళ్ళూ ఒక్కో పేరు చెప్తారు. ఎవరిది తీసేది?"

"అలగని నన్నడుగుతావేటి?"

"ఆ రోజు అడక్కుండానే చెప్పారు కదా సార్, అందుకని అడుగుతన్నాను. గోడ జరుపుతాను. పెట్టె ఆపడానికి ఒప్పుకోండి."

"ఆపితే లేవదు బేబీ!" ఆయన గొంతులో కోపం కన్నా భయం ఎక్కువగా ఉంది. "కొన్నప్పట్నుంచీ ఒక్కసారీ ఆపలేదు దాన్ని. తుఫానప్పుడు కూడా జనరేటరు పక్కన పడుకుని కాసుకున్నాను. అది లేవకపోతే కంపెనీ నేదు. నీతో పాటు పనిచేసేవోళ్ళకి కూడు నేదు. ఒక్క ఆడకూతురి కోసం ఇందర్ని ముంచుతావా?"

బేబీ వెనక్కి చూసింది. ధనలక్ష్మి ఆమె కుర్చీ వెనకే నిలబడి, తెర మీది అక్షరాలను చూస్తోంది. అవి ఆమెకు అర్థం కావు. అయినా కళ్ళు తిప్పడం లేదు. శ్రీకాకుళం ఆఫీసులో అయితే బేబీ ఇప్పుడు కూడా ఆయన మాటే వినేదేమో. తలుపు వేసుకున్న గదిలో ఎవరినైనా తీసేయడం తేలిక.

"సార్, చేసేస్తన్నాను," అంది.

"చేస్తే రేపటినుంచి ఆఫీసుకి రాకు."

"సరే సార్."

ఫోను పెట్టేసింది. గోడ జరపమని పెట్టెకు రాసింది. ఆఫ్రికా మీద తాను పెట్టిన నిషేధాన్ని తీసేసింది. తర్వాత, ఆగి మళ్ళీ లేవమని ఆజ్ఞ ఇచ్చింది. నిజంగానా అని పెట్టె ఒకసారి అడిగింది. అవును అంది.

తెర నిలిచిపోయింది.

ఆ క్షణాన శ్రీకాకుళంలో ఎన్ని ఇళ్ళలో నెట్టు పోయిందో ఇక్కడ ఎవరికీ తెలియదు. జగన్నాధం సెంటరులో మాత్రం గోడకు తగిలించిన చిన్న మోడెంలో పచ్చలైటు ఆరి, ఎర్రలైటు వెలిగింది. మూల కుర్చీలో సినిమా చూస్తున్న కుర్రాళ్ళు "ఏటి బావా ఇది?" అని లేచి వెళ్ళిపోయారు.

"అయిపోనాదా గారడీ?" అన్నాడు సోములు గుమ్మంలోంచి. "ఇప్పుడు ఆఫ్రికాతో పాటు అమెరికా కూడా పోనట్టుంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

లైటు ఎర్రగానే ఉంది. బేబీ ఫోను మోగింది, తిరుమలరావు. ఎత్తలేదు. మళ్ళీ మోగింది. అలాంటి ముసలి పెట్టెలు లేవడానికి చాలాసేపు పడుతుందని, లేచాక కూడా లోకంలోని దారులన్నీ ఒక్కొక్కటే మళ్ళీ నేర్చుకోవాలని ఆమెకు తెలుసు. తెలిసినా, ఇంతసేపు ఉండకూడదనిపించింది. ఆ పెట్టె లేవకపోతే ఈమె కాపురంతో పాటు ఆఫీసులో తన పక్క కుర్చీలవాళ్ళ బతుకులు కూడా తన మెడకు చుట్టుకుంటాయి. చేతులు ఒళ్ళో పెట్టుకుని, "ప్రభువా" అనుకుంది. ఆ పైన ఏమడగాలో తెలియలేదు.

కూర్మమ్మ బల్ల పక్కన నేల మీద కూలబడింది. "ఒసే దనలచ్మీ," అంది. "తెరుసుకోకపోయినా నువ్వు నా ఇంట్లోనే ఉండవే. ఆకు ఆకే. నువ్వెల్లిపోతే ఆడి మాట నానెవులితో అనుకోను?"

"ఊరుకో అత్తా," అంది ధనలక్ష్మి. కానీ వంగి, ముసలామె భుజం మీద చెయ్యి వేసింది.

లైటు పచ్చగా మారింది. జగన్నాధమే ముందు చూశాడు. బేబీ పేజీ అడ్రసు కొట్టింది. తెల్లటి తెర. గుండ్రంగా తిరిగేది తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది.

"సూసినారా?" అన్నాడు సోములు.

పేజీ తెరుచుకుంది.

పైన నీలం పట్టీ, కుడివైపు నుంచి రాసుకొచ్చే అరబ్బీ అక్షరాలు, కింద పేరు కొట్టడానికి పచ్చటి గడి. ధనలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గుమ్మం బయట "తెరుసుకుందిరా!" అని ఎవరో కేక పెట్టారు. వీధి పెద్ద నిట్టూర్చి, "మేడమ్మ నిజమే సెప్పింది," అన్నాడు.

నిజమే చెప్పినందుకు బేబీకి ఏ సంతోషమూ కలగలేదు. తన తప్పు ఇంతమంది ఎదుట అచ్చంగా రుజువైంది, అంతే.

*

ధనలక్ష్మి కుర్చీలో కూర్చుని, అలవాటైన వేళ్ళతో తన పేరు కొట్టి లోపలికి వెళ్ళింది. రాముడి పేరు బూడిదరంగులో ఉంది. అక్కడ లేడన్నమాట. ఆదివారం కదా, డ్యూటీలో ఉంటాడు. అతనితో ఒకే గదిలో ఉండే కొత్తవలస నరసింగరావు పేరు పచ్చగా ఉంది. అతన్ని ఆమె చాలాసార్లు రాముడి భుజం పక్కనుంచి చూసింది. ఆ పేరు నొక్కింది.

తెర మీద ముఖం కనిపించింది. రాత్రి డ్యూటీ చేసి వచ్చినట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆమెను చూసి అతను ఉలిక్కిపడ్డాడు.

"ధనలక్ష్మక్కా? నువ్వేటి ఇలగొచ్చినావు?"

"లైను నేదు తమ్ముడూ ఇన్నాళ్ళూ. ఇక్కడోళ్ళు దారి తీసీసినారంట. ఇప్పుడే పెట్టినారు. ఆడేడి? పిలు ఓసారి."

నరసింగరావు కళ్ళు నులుముకున్నాడు.

"లైను నేదా?" అన్నాడు. "మా ఇంటికి బాగానే పలికింది కదక్కా. కొత్తవలసలో వేరే కంపెనీ నెట్టు. మా ఆవిడ పెతివారం కనబడీది. నీ పెళ్ళామే కనబడదేట్రా అనీసి మేమందరం ఆడిని ఎక్కిరించాం. మొదట్లో నవ్వీవోడు. తరవాత శుక్కురవారమొస్తే ఆడు ఈ గది సాయకే రాలేదు."

"పిలు తమ్ముడూ. నాను సెప్పుకుంటాను."

"పిలవడానికి ఆడు నేడక్కా. ఎల్లిపోనాడు. నాలుగు రోజులైంది."

"ఇంటికొస్తన్నాడా?" కూర్మమ్మ నేల మీద నుంచి లేవబోయింది. "ఒసే, ఇంటికొస్తన్నాడేటే?"

"ఇంటికి కాదు," అన్నాడు నరసింగరావు. "పాస్‌పోర్టు కంపెనీవోళ్ళ కాడే ఉంది. సముద్రం ఒడ్డుకి పోనాడు. అక్కణ్ణించి దొంగతనంగా అవతలి గట్టుకి, ఇటలీ వైపు, పడవల్లో దాటిస్తారు. నాను కాళ్ళట్టుకున్నానక్కా. ఇనలేదు. పడవలు నాకు కొత్తేట్రా అన్నాడు. ఇంటికి పోరా అంటే, ఎవులున్నారక్కడ అన్నాడు."

"నానున్నాను కదా! ఆళ్ళమ్మ ఉంది కదా!"

"అదేటక్కా అలగంటావు? తెగతెంపులు అయిపోనాయి కదా మీకు?"

ధనలక్ష్మి తెర మీదికి వంగింది.

"ఎప్పుడు?" అంది ధనలక్ష్మి.

"నెల దాటీసింది కదా. మీ అన్న ఏజెంటుకి ఫోను సేసి సెప్పినాడంట. మా సెల్లి తెంపీసుకుంది, ఆళ్ళమ్మే సెయ్యి సాపింది, ఇంక ఆడిని మాటాడొద్దను అనీసి. ఏజెంటు క్యాంపాఫీసుకి సెప్పినాడు, ఆళ్ళు ఆడికి సెప్పినారు. నా పక్కనే నిలబడి ఇన్నాడు. అమ్మ కూడా సాపిందా అని ఒకటే అడిగినాడు. ఆ రోజు నుంచి కూడు తినలేదక్కా."

కూర్మమ్మ కుచ్చెళ్ళలోంచి చేతులు తీసి, వాటి వంకే చూసుకుంది.

బేబీ సోములు కోసం చూసింది. అతను అప్పటికే గుమ్మం దాటబోతున్నాడు. బయట నిలబడ్డవాళ్ళు జరగలేదు. ఎవరూ అతన్ని పట్టుకోలేదు, తిట్టలేదు. దారి ఇవ్వలేదంతే. దారి తీసేసింది తనే అయినా, ఆ చీకట్లో నిలబడి అబద్ధం పంపినవాడు వేరే ఉన్నాడని బేబీకి అప్పుడు అర్థమైంది. దానివల్ల తన బరువు వీసమెత్తు తగ్గలేదు.

ధనలక్ష్మి అన్న వైపు తిరగలేదు. తెరనే చూస్తూ అడిగింది.

"పడవ ఎప్పుడు తమ్ముడూ?"

"ఇయ్యాల సీకటి పడ్డాక అని సెప్పినారంట. నిన్న నాకు కబురెట్టినాడు. అక్కడ సిగ్నలుంది, కొత్త నంబరు తీసుకున్నాడు. పడవెక్కితే ఫోన్లు సముద్రంలో పారీయిస్తారంట ఆ దాటించీవోళ్ళు. ఈలోగా సేస్తే పలుకుతాడు. కానీ నీ గొంతింటే పెట్టీస్తాడక్కా. ఆమె పేరెత్తకురా అనీసి నాతో ఒట్టేయించుకున్నాడు."

అతను నంబరు చెప్పాడు. జగన్నాధం తన ఐఎస్‌డీ ఫోను తీసి, అతను చెప్పిన ఒక్కో అంకె నొక్కాడు. లైను కలవడానికి కొంతసేపు పట్టింది. తర్వాత ఎక్కడో దూరంగా, మన ఊరి ఫోను మోతలా లేని ఒక మోత వినిపించింది.

"తీసుకోమ్మా," అని ధనలక్ష్మికి అందించాడు.

ఆమె ఫోను తీసుకుంది. చెవికి పెట్టుకోలేదు. కుర్చీలోంచి లేచి, జనం మధ్యనుంచి గుమ్మం దాకా నడిచి, అన్న ముందు నిలబడింది.

"నా గొంతు ఆడు నమ్మడు," అంది. "తెంపీసినానని నువ్వు సెప్పినావు, ఆడు నమ్మినాడు. తెంపలేదని కూడా నువ్వే సెప్పు."

సోములు ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత ఫోను వంక చూశాడు. అది మోగుతూనే ఉంది. వీధి పెద్ద "తీసుకోరా," అన్నాడు.

సోములు ఫోను అందుకుని చెవికి ఆనించుకున్నాడు. మోత ఆగింది. అవతల గాలి హోరు మధ్య ఒక మగగొంతు, "ఎవులు?" అంది.

చెల్లెల్ని చూస్తూ సోములు నోరు తెరిచాడు.